చెల్లెలి చేతి బలం

రొమ్ము ఆపరేషన్ తర్వాత వాచిన కుడిచేతిని దిండు మీద పెట్టుకుని అక్క మంచం మీద కూర్చుంది. సాయానికి వచ్చిన చెల్లెలు తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"మసాజ్ చేసే ఆవిడ నీకు ఎలా చూపించింది?"

"పైపైన నిమరమంది. పిల్లిని నిమిరినట్టు నిమిరితే నీరు ఎక్కడ దిగుతుందక్కా?"

"అందుకని పిండి పిసికినట్టు పిసుకుతావా? వద్దంటున్నా విన్నావా? నిన్న ఎక్కిన జాకెట్టు చెయ్యి ఇవాళ మోచేతి దగ్గరే ఆగిపోయింది. సోమవారం బడికి వెళ్దామనుకున్నాను. ఈ చేత్తో బోర్డు మీద ఏం రాయను?"

"తొందరగా తగ్గాలనే కదా..."

"ఆవిడ చెప్పింది గాలికి పోయింది, నీ బలం చూపించాలి."

"నిన్ను అలా చూడలేకపోయానక్కా." చెల్లెలు కళ్ళు తుడుచుకుంది.

"ఏడుపు తర్వాత. నా కోపం ఇంకా తీరలేదు. ఇలా వచ్చి ఆవిడ చూపించినట్టే మెడ దగ్గర నుంచి మెల్లగా మొదలుపెట్టు. గట్టిగా నొక్కావంటే చెబుతున్నా, ఎడమచెయ్యి నాకు బాగానే ఉంది."