అయిదు వందల రెట్ల కుందేలు

గడియారాలు బాగుచేసే ఆ దుకాణంలో సాయంత్రం ఆరులోగా తేలవలసిన విషయం ఒకటే: మర్నాడు పదేళ్లు నిండుతున్న కూతురికి ఏ టెలిస్కోప్ కొనాలి? ఉన్న డబ్బులో, ఎదురుగా ఆరింటికి మూసే కళ్లజోళ్ల కొట్టులో రెండే దొరుకుతాయి. ఒకటి పొట్టిది, వెడల్పు మూతిది, బల్లమీద కూర్చోబెట్టేది. రెండోది సన్నగా, పొడుగ్గా, మూడు పుల్లల్లాంటి కాళ్లమీద నిలబడేది. దాని పెట్టెమీద 'అయిదు వందల రెట్లు' అని బారెడు అక్షరాలున్నాయి.

గడియారాలాయన మొగ్గు పొట్టిదానివైపే. ఏ రాజు ఎన్ని వేల ఏనుగులతో యుద్ధానికి వెళ్లాడని చదివినా, లెక్కపెట్టినవాడెవడని అడిగే స్వభావం ఆయనది. పెట్టెమీది అక్షరాలను కూడా ఆ చూపుతోనే చూశాడు. అయితే ఎంపిక, బల్ల పక్కన స్టూలెక్కి కూర్చున్న పిల్లదేనని మాటిచ్చాడు. ఆ పిల్ల మనసు తిప్పగల మనిషి అప్పటికే బెంచీమీద కాలుమీద కాలు వేసుకుని కూర్చున్నాడు. గడియారాలాయన భార్యకు స్వయానా అన్న, అంటే ఈయనకు బావగారు.

"పొట్టిదా? అది చూడ్డానికి నీళ్లబిందెలా ఉంది బావా," అన్నాడు బావగారు. "మా ఇంట్లో ఉన్నది ఆ పొడుగుదే. మొదటిరోజు ఏదో సరదాకి చందమామ వైపు తిప్పాను. గుంటలు కనబడ్డాయి. అదేం గొప్ప కాదులే, ఎవడికైనా కనబడతాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

పక్క కొట్టు దర్జీ, కాజా కుడుతున్న చొక్కాతో సహా గడపదాకా వచ్చి, తెలియదన్నాడు.

"అన్నిటికన్నా చిన్న కటకం ఉంటుంది చూడు, అది బిగించాను. గుంట అంచున రాళ్లు, రాళ్లమధ్య దుమ్ము, ఆ దుమ్ములో ఏదో మెదిలినట్టుంటే, సరే దీని సంగతేమిటో చూద్దామని ఊపిరి బిగబట్టి చూస్తే, కుందేలు. మన పెద్దవాళ్లు ఊరికే అనలేదయ్యా. ఒక చెవి నిక్కపొడుచుకుని ఉంది. రెండోదాని కొసన చిన్న చిరుగు."

"ఏ చెవికి?" అన్నాడు దర్జీ.

"ఎడమ చెవికి. నువ్వయితే రెండు కుట్లు వేసేవాడివి."

పిల్ల స్టూలు దిగింది. దాని కళ్లు రోడ్డు దాటి పొడుగు గొట్టం మీద వాలడం తండ్రి చూశాడు. బావగారూ చూశాడు. ఇక కథకు పగ్గాలు లేవు. కుందేలు మీసాలు దువ్వుకుందట. కునుకు తీసిందట. పొట్ట లేచి పడుతుంటే ఈయన శ్వాసలు లెక్కపెట్టాడట. అంతలో దాని ముక్కుమీద ఈగ వాలిందట.

చంద్రుడి మీద ఈగలుంటాయా అని దర్జీ నసిగాడు.

"నాకూ అదే అనుమానం వచ్చి కటకం తుడిచాను. ఈగ ఇక్కడిదే. లేనిది ఉందని నేను చెప్పను," అన్నాడు బావగారు. "కుందేలు మాత్రం అక్కడిదే. నాలుగు గంటలు చూశాను. గొట్టాన్ని వెంట్రుకవాసి కదపలేదు. కావలిస్తే బావా, నువ్వు బాగుచేసిన గడియారమే సాక్ష్యం."

గడియారాలాయన తన కంటికి బిగించుకునే భూతద్దం తీసి ఆయనకిచ్చాడు. బల్లమీద అద్దం ఊడదీసిన గోడగడియారం నడుస్తోంది. దాని సెకన్ల ముల్లు కొసను, తల కదపకుండా చూస్తూ ఉండమన్నాడు. బావగారు వంగాడు. ముల్లు కొస ఇలా వచ్చి అలా దాటిపోయింది.

"ఇది పది రెట్లే బావగారూ. ఆకాశమూ తిరుగుతూనే ఉంటుంది. అయిదు వందల రెట్లలో చందమామ మీది గుంట అర నిమిషం కూడా ఎదురుగా నిలవదు. మీ కుందేలు నాలుగు గంటలు ఎలా నిలిచింది?"

బావగారు తొణకలేదు. "నిలవదు. అందుకే భూమిని ఆగమన్నాను. నాలుగు గంటలూ కిమ్మనకుండా ఆగింది. లోకంలో నడిచింది నీ గడియారం ఒక్కటే. అదీ నీ పనితనం."

దర్జీ తల ఊపాడు. ఆగిపోయిన భూమితో వాదించడానికి గడియారాలాయన చదివిన పుస్తకాలేవీ అక్కరకు రాలేదు.

పిల్ల అంతసేపూ ఏదో ఆలోచిస్తోంది. "మామయ్యా, కుందేలు కనబడాలంటే ఆ చిన్న కటకమే పెట్టాలా?"

"అదే పెట్టాలి తల్లీ. అది లేకపోతే అయిదు వందల రెట్లు ఎక్కడివి?"

"నిన్న మీ ఇంట్లో అత్తయ్య అటక మీంచి దుప్పట్లు తియ్యమంటే ఎక్కాను. మీ టెలిస్కోప్ పెట్టె అక్కడే ఉంది. చిన్న కటకం ఉన్న ప్లాస్టిక్ సంచికి, కొన్నప్పటి పిన్ను అలాగే ఉంది. తుప్పు కూడా పట్టింది."

దర్జీ తలవంచుకుని కాజా కుట్టడం మొదలుపెట్టాడు. బావగారు కాలుమీది కాలు దించాడు.

"రెట్లు తక్కువుండే పెద్ద కటకంతోనే చందమామ కప్పలా గెంతిందే," అన్నాడు గొంతు తగ్గించి. "ఆ పుల్లకాళ్లు ఊపిరి తగిలినా వణుకుతాయి. వారం అవస్థపడి అటకెక్కించాను. చందమామని నేను సరిగ్గా చూడనేలేదు."

పిల్ల ఒక్క క్షణం ఆయన్ని చూసింది. "పొట్టిది కొంటాం నాన్నా," అంది. "రేపు మామయ్య కూడా వస్తాడు."

కళ్లజోళ్ల కొట్టు మూయడానికి ఇంకా పది నిమిషాలుంది. కొన్న పెట్టె తానే మోస్తానని బావగారు పట్టుబట్టాడు. రోడ్డు మధ్యకు వచ్చేసరికి ఆయన గొంతు మళ్లీ లేచింది. "ఇదొక బరువా? ఒకసారి నేను ఇలాంటివి పాతిక ఒంటిచేత్తో..."

"పిన్ను, మామయ్యా," అంది పిల్ల.

పెట్టెను రెండు చేతులతో పట్టుకుని, ఆయన బుద్ధిగా రోడ్డు దాటాడు.