భిక్షపతి ఏం మింగాడు?

ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిర్చి దుకాణం పెందలాడే మూసి లాల్‌దర్వాజాలోని ఇంటికొచ్చిన బాలకిషన్, చెప్పులైనా విప్పకముందే తన హమాలీ మీద విరుచుకుపడ్డాడు. ఆయన నోటికి అడ్డూ ఆపూ ఉండదని భార్య విమలాదేవికి పెళ్లైననాటి నుంచీ తెలుసు.

"తాగి పడ్డడు, ఇంకేంది? బస్తా నెత్తిన ఉండంగనే కూలిండు."

"భిక్షపతి తాగడని మీరే చెప్తుంటిరి గదా."

"చెప్పిన. మనుషులు మారరా? పోయిన వారం గూడ గిట్లనే. చెమటలు, చేతులు వణుకుడు, మాట తడబడుడు. చాయ్‌ల చక్కెర మస్తుగ ఏసి తాపిస్తే లేచి కూసున్నడు. అన్నీ ఏశాలు."

"మరి ఇయ్యాల?"

"ఇయ్యాల తెలివే లేదు. మన గుమాస్త నగేష్ ఆటోల ఏసుకొని దవాఖానకు తీస్కపోయిండు. అక్కడి డాక్టర్ నాకే ఫోన్ జేస్తడు, ఏం గోళీలు మింగిండని. రక్తంల షుగర్ మొత్తం పడిపోయిందట. గ్లూకోజ్ ఎక్కిస్తే లేస్తుండట, మళ్ల పడిపోతుండట."

"వానికి షుగర్ ఉన్నదా?"

"బస్తాలు మోసెటోనికి షుగర్ ఏడిది? వాని పెండ్లాం చంద్రమ్మను అడిగితే, ఇంట్ల తలనొప్పి గోళీ గూడ లేదన్నదట. ఎవలకన్న తెలిస్తే జల్ది చెప్పుమన్నడు డాక్టర్. లేకుంటే పానం మీదికొస్తదట. నాకేం తెలుసు?"

"మీకెట్ల తెలుస్తది? మీ గోళీలే మీకు తెల్వయి."

"మళ్ల మొదలువెట్టినవా?"

"డాక్టర్ రాసిచ్చిన షుగర్ గోళీలు పూలకుండీల పారేస్తిరి. నేను చూడలేదనుకున్నరు."

"అవి మింగితే కిడ్నీలు ఖరాబైతయి. మా దోస్తు చెప్పిండు."

"మీ దోస్తు బెల్లం అమ్ముతడు."

"అయితే ఏంది? నాకు మంచిగనే ఉన్నది."

"మంచిగ ఉంటే మొన్న పరీక్షల మూడొందలు ఎందుకు దాటింది? అదే నాకు సమజైతలేదు. దాటొద్దు."

"ఎందుకు దాటొద్దు? గోళీ మింగుతలేనని నువ్వే అంటివి."

"అది ఇడిసిపెట్టుండ్రి. పగటీలి దుకాణంల ఏం తింటుండ్రు?"

"డబ్బా."

"నేను పంపే డబ్బానే?"

"అదే అంటున్న గదా."

"నిన్న ఏం కూర పంపిన?"

"నిన్న... పప్పు."

"కాకరకాయ."

"కాకరకాయే. మర్శిపోయిన. ఇంత లొల్లి ఎందుకు?"

"నా మొకం జూసి చెప్పుండ్రి. డబ్బా మీరు తింటుండ్రా, లేదా?"

"అరే, రోజు ఆ జొన్నరొట్టె ఎవడు తింటడు విమలా? హోటల్‌ల పూరీ తింటున్న. నీ డబ్బా పారేస్తలేను, ఫికర్ జెయ్యకు. మెతుకు గూడ ఇడువడు."

"ఎవలు?"

"భిక్షపతి. ఈ నెల సంది వానికే ఇస్తున్న. పున్నెమే గదా. ఏమైంది? గట్ల నిలవడ్డవేంది?"

"ఫోన్ ఇటియ్యిండ్రి."

"ఎవలకు?"

"ఆ డాక్టర్‌కు. మీరు మింగుతలేరని మీ షుగర్ గోళీ రోజు పొడి జేసి డబ్బాల కలుపుతున్న. మూడొందలు దాటిందని ఇయ్యాల రెండేసిన."