గోధుమరంగు కవచం

ఒమాన్‌లోని ఘాలాలో ఒక టైర్ల గోదాము. మధ్యాహ్న నమాజు ముగించుకొని ముదీర్, అనగా మేనేజరు, విచ్చేసే లోపల సూపర్‌వైజరు రఘుపతి ఒక ధర్మబోధ పూర్తి చేయవలసి ఉంది. శ్రోత ఒక్కడే: టైర్లు మోసే మల్లేశం.

"...కాబట్టి అది మురికి కాదయ్యా. కవచం."

"టైర్ల మీద గోధుమరంగు తేలితె మురికే అనుకున్న సారు. పాత సరుకని కొనేటోళ్లు వాపస్ చేస్తుండిరి గద."

"అజ్ఞానం. రబ్బరుకు బద్ధశత్రువు గాలిలోని ఆక్సిజన్. ఓజోను దానికి తమ్ముడు. ఎండ ఆ ఇద్దరికీ సేనాపతి. ముగ్గురూ కలిసి దండెత్తి రబ్బరు అణువుల గొలుసులను తెంపుతారు. అప్పుడు అడ్డుపడేది ఎవరు?"

"సెక్యూరిటీ."

"తయారీలోనే కలిపిన ఒక మందు. అది మెల్లగా పైకి ఊరి వచ్చి, ముందు నన్ను కొట్టు అని నిలబడుతుంది. దెబ్బ తాను తింటుంది, తిని గోధుమరంగుకు తిరుగుతుంది. రబ్బరు మాత్రం నవయౌవనంతో నిగనిగలాడుతుంది."

"పాపం."

"పాపం కాదు, త్యాగం. ఆ మాట గుర్తుంచుకో, కాసేపట్లో పనికి వస్తుంది."

"అంటె నేను పెట్రోల్‌తోని తుడిచినప్పుడల్లా..."

"ఆ త్యాగమూర్తిని గుడ్డతో తుడిచి పారేశావు."

"వారం వారం తుడిచిన సారు. మల్ల ఊరితె మల్ల తుడిచిన. ఆఖరికి ఊరుడే బంద్ అయింది. గెలిచిన అనుకున్న."

"లోపలి సరుకు నిండుకుంది, అంతే. ఇక మిగిలింది దిక్కులేని రబ్బరు, దాని నెత్తిన ఒమాన్ వేసవి. ఆ అంచులు చూశావా?"

"చూసిన. నా మడిమెల లెక్క పలిగినయి."

"నిజ్వాలో మన టైర్లు కొన్న లారీవాళ్లూ చూశారు, పొద్దున సరుకంతా తిప్పి పంపారు. ఇప్పుడు ముదీర్ వచ్చి, వీటిని కడిగించిన మహానుభావుడు ఎవరని అడుగుతాడు. అడిగి ఆ మనిషిని విమానం ఎక్కిస్తాడు."

"కడగమన్నది మీరే గద సారు."

"అన్నాను. అనడం వేరు, కడగడం వేరు."

"ముఖం కనవడాలె, అద్దం లెక్క ఉండాలె అన్నరు."

"చరిత్ర తవ్వకు మల్లేశం. శాస్త్రం విను. నా బీఎస్సీ కెమిస్ట్రీని గుర్తించే కదా ముదీర్ నన్ను సూపర్‌వైజరును చేశాడు."

"గీ కవచం సంగతి మీకెప్పుడు తెలిసింది?"

"శాస్త్రం అనాదిగా ఉన్నదే."

"శాస్త్రం సంగతి గాదు. మీకు?"

"...పొద్దున. లారీ వచ్చాక. ఫోన్‌లో."

"గట్లనా."

"ఇంకో విశేషం విను. ఎంత కడిగినా పోకుండా, రబ్బరుకే రసాయనబంధం వేసి కట్టేసిన మందులూ ఉన్నాయి."

"పాస్‌పోర్టు కంపెనీ గుంజుకున్నట్టు."

"ఇంచుమించు. సరే, అసలు విషయం. ఇక్కడ రబ్బరును నేను అనుకో."

"మీరు రబ్బరు."

"బౌషర్‌లో కొత్తగా ఇల్లు తీసుకున్నాను. మా ఆవిడ సంధ్య ఇక్కడికి వచ్చి నెల కాలేదు, పిల్లను మొన్ననే బడిలో వేశాం. ఇప్పుడు నాకు పగుళ్లు వస్తే ఎలా? నువ్వు ఎలాగూ సెలవు మీద ఊరికి పోయేవాడివే. ఆ పోవడం కాస్త ముందు..."

"అంటె నేను మందు."

"సొంత తెలివితో కడిగానని ఒక్క మాట. ఎయిర్‌పోర్టు దాకా నా కారులో దింపుతాను. ఏసీ వేసి."

"మీరు అడగాల్నా సారు, చెప్పేటోన్నే. గని ఆలస్యమైంది."

"ఎక్కడి ఆలస్యం? ముదీర్ ఇంకా రానేలేదు."

"ఇయ్యాల ముచ్చట గాదు. రంజాన్‌కు ముంగట. టైర్లు నల్లగ మెరుస్తుంటె ముదీర్ ఆగి చూసిండు. ఇది ఎవరి ఆలోచన అని గేటుకాడి ఖమరుద్దీన్ భాయ్‌తోని అడిగించిండు."

"నాకెవరూ చెప్పలేదే."

"మెచ్చుకొని భుజం గూడ తట్టిండు. నాకే సిగ్గనిపించింది. ఒకరి తెలివి నేనెందుకు మింగాలె అనుకున్న."

"మల్లేశం. ఏం చెప్పావు?"

"చేతులే నావి, ఆలోచన మొత్తం రఘుపతి సారుదే అన్న. ఆయన చదువుకున్నోడు, ఆయన చెప్పకపోతె నేను గుడ్డ గూడ ముట్టకపోదును అన్న. ఖమరుద్దీన్ భాయ్ ఇంకింత కలిపి అరబ్బీల చెప్పిండు."

"దానికి ముదీర్ ఏమన్నాడు?"

"ఏమంటడు సారు. పండుగ కాంగనే మిమ్ముల సూపర్‌వైజర్‌ను చేసిండు."