మిన్కా బతికిన శీతాకాలం

1986 అక్టోబరు ఒకటవ తేదీన, కొండల్లోని లుమ్నేత్సియా లోయ నుండి వచ్చి మా పశువ్యాధి పరిశోధనాలయంలో సహాయ వైద్యురాలిగా బాధ్యతలు స్వీకరించిన డాక్టర్ ఉర్సినా కావెల్టి గారు ఈ రోజు పదవీ విరమణ చేస్తున్నారు. సుదీర్ఘకాలం వారి పక్క బల్ల వద్ద పనిచేసిన నాకు ఈ నాలుగు మాటలు రాసే గౌరవం దక్కింది. ఈ రోజు ఇంకొన్నాళ్లు ఆగి వస్తే బాగుండునన్న కోరిక మాత్రం తీరలేదు.

తొలి సంవత్సరాలలో వారు ఆవుల, గొర్రెల వ్యాధులను పరిశీలించారు. నక్కలు ఊళ్ల అంచులకు దిగిరావడం మొదలయ్యాక, వాటి పేగుల్లోని బద్దెపురుగులపై దృష్టి నిలిపారు. నక్క విసర్జించిన గుడ్లు గడ్డిలో పడి, దాన్ని కొరికిన చేనెలుక ఒంట్లో నీటితిత్తులుగా పెరుగుతాయి. ఎలుకకు రావలసిన ఆ తిత్తులు ఎప్పుడో ఒకసారి, సత్తువ తగ్గిన ఇంటి పిల్లికి వస్తాయి. ఈ అరుదైన వ్యాధికే ఉర్సినా గారు తమ ప్రజ్ఞను అంకితం చేశారు. అయితే మా బల్లపైకి చేరేవి ప్రాణం పోయిన పిల్లులే. “ఒక్కదాన్నైనా బతికుండగా నా చేతికిస్తే బాగుండు” అని వారు సూక్ష్మదర్శిని మీది నుండి తలెత్తకుండా అనడం ఎన్నోసార్లు విన్నాను.

2009 శరదృతువులో బార్లా కద్రూవి అనే వృద్ధురాలు తన పిల్లి మిన్కాను బుట్టలో తీసుకువచ్చారు. భుజం మీది గడ్డను ఊరి వైద్యుడు కోసినా మళ్లీ పెరిగిందట. ఉర్సినా గారు కోయగా, బియ్యపు గింజల వంటి తెల్లని తిత్తులు బయటపడ్డాయి.

“మందేస్తే తగ్గుతుందా డాక్టరమ్మా?”

“కొన్నాళ్లు ఆపగలను. పూర్తిగా పోతుందని మాటివ్వలేను.”

“ఆపండి చాలు. మా ఆయన జోన్, మతి తప్పి వృద్ధాశ్రమంలో ఉన్నాడు. నేను వెళ్తే ‘ఎవరమ్మా నువ్వు? మా మిన్కా ఏదీ?’ అంటాడు. ఇన్నేళ్లూ వండిపెట్టింది నేను, గుర్తున్నది పిల్లి!” బార్లా గారు నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు.

“అయితే పిల్లినే తీసుకెళ్దాం” అన్నారు ఉర్సినా గారు.

ఆశ్రమ నిర్వాహకురాలు గుమ్మంలోనే అడ్డుకుంది. “ఈ జబ్బు మా ముసలాళ్లకి అంటితే ఎవరిది పూచీ?”

“తిత్తులు ఒంటి లోపల ఉన్నాయండీ. నిమిరితే అంటవు. నేనూ పక్కనే కూర్చుంటా, సరేనా?”

ఆ శీతాకాలమంతా ప్రతి ఆదివారం, తమ విశ్రాంతిని మానుకొని, ఉర్సినా గారు మిన్కాను జోన్ గారి ఒడిలో కూర్చోబెట్టారు. మంచు కరిగే వేళకు తిత్తులు ఊపిరితిత్తులకు పాకి అది మరణించింది.

“ఆయనకి చెప్పకండి. నిద్రపోతోందనండి” అని బార్లా గారు బతిమాలారు.

“అలా అంటే రోజూ ఎదురుచూస్తారు బార్లా గారూ. ఆ బరువు మనం ఆయన మీద పెట్టొద్దు.”

ఆనాడు కారు నడిపినది నేనే గనుక, తరువాత జరిగినది కళ్లారా చూశాను. ఉర్సినా గారు జోన్ గారి ఎదుట మోకాళ్ల మీద కూర్చొని, మిన్కా చనిపోయిందని చెప్పారు. జోన్ గారు చాలాసేపు ఒడిలోని ఖాళీ దుప్పటిని తడిమి, భార్య వైపు తిరిగారు.

“ఏడవకే బార్లా. ఇంకోదాన్ని తెచ్చుకుందాంలే.”

మరుసటి ఆదివారం ఆయన మళ్లీ “ఎవరమ్మా నువ్వు?” అన్నారు. ‘బార్లా’ అన్న ఆ ఒక్క పిలుపు ఇంకోసారి వినబడుతుందేమోనని బార్లా గారు ఆయన పోయేవరకూ పక్కనే కూర్చున్నారు. పిల్లి లేకపోయినా, ఉర్సినా గారు ఆమెకు తోడు వెళ్లడం మానలేదు.

అనంతరం విభాగాధిపతిగా ఎదిగి, చికిత్సాక్రమాన్ని ఓర్పుతో సరిదిద్దిన వారి చేతుల మీదుగా కొన్ని పిల్లులు నయమై ఇళ్లకు వెళ్లాయి. వాటి ఫొటోలేవీ తమ గదిలో పెట్టుకోలేదు. మిన్కాను గురించి అడిగితే ఇప్పటికీ కిటికీ వైపు తిరుగుతారు.

మేడమ్, రేపటి నుండి మా చేతులు అలవాటుగా ఒక కప్పు కాఫీ ఎక్కువే పోస్తాయి. అది చల్లారకముందే మీ ఊరి కొండ దిగి రాగలిగినంత ఆరోగ్యం, మా వెలితికి మేము అలవాటుపడ్డాక కూడా వస్తూనే ఉండగలిగినంత ఆయుష్షు మీకు కలగాలని మనసారా కోరుకుంటున్నాము.