ముద్ర పడని ఉత్తరం

చట్టసభ ఆఫీసులో టపా గది, భోజనాల వేళ. కౌంటరుకి లోపల గుమాస్తా, బయట ఆయన అక్క. ఊరందరికీ చట్టం చెప్పే మనిషి, ఇవాళ మాత్రం ఆవిడ మొహం చూడలేకపోతున్నాడు.

“...యుద్ధం మొదలై అరవై నాలుగు రోజులు. మళ్ళీ లెక్కపెట్టనా? కేలెండరు తెచ్చాను.”

“ఆఫీసుకి ఎవరైనా కేలెండరు మోసుకొస్తారా అక్కా?”

“నువ్వేగా చెప్పావు. చిన్నోడు రైలెక్కిన రోజు, ప్లాట్‌ఫారం మీద. దేశాన్నేలే పెద్దాయన ఇష్టమొచ్చినన్నాళ్ళు యుద్ధం చెయ్యడానికి లేదు, చట్టం ఉంది, అరవై రోజుల్లో సభ ఒప్పుకోకపోతే సైన్యాన్ని వెనక్కి పిలవాల్సిందే అన్నావా లేదా?”

“అన్నాను.”

“సభ ఒప్పుకుందా?”

“ఓటింగే పెట్టలేదు.”

“మరి నా కొడుకేడీ?”

“నువ్వు భోంచేసి వచ్చావా అసలు?”

“నీళ్ళు నమలకు.”

“అది కాదక్కా. అరవై రోజులు యుద్ధం మొదలైన రోజు నుంచి కాదు. ఫలానా చోటికి సైన్యాన్ని పంపానని పెద్దాయన సభకి ఉత్తరం రాయాలి. అది అందిన రోజు నుంచి లెక్క.”

“అందలేదా?”

“పేపరు చూడట్లేదా? పంపామని పెద్దాయన మనుషులు, రాలేదని సభవాళ్ళు.”

“ఎవరిది అబద్ధం?”

“ఎవరిదీ కాదు.”

“అదేం మాటరా? ఉత్తరాలు తీసుకునేది నువ్వు. ముప్పై ఏళ్ళుగా ఆ కుర్చీలో నువ్వే. చీమ దూరినా ముద్ర కొట్టి నంబరేస్తానని గొప్పలు పోతావు.”

“మెల్లగా. లోపల సూపరింటెండెంటు గారున్నారు.”

“ఆ సొరుగెందుకు మూశావు?”

“ఊరికే.”

“తెరువు.”

“అక్కా, వద్దు.”

“చిన్నప్పుడు నా పలక పగలగొట్టి ఇలాగే అడ్డం నిలబడ్డావు. తెరువు.”

“...ఇదే. మూడో రోజే వచ్చింది. ఆ లెక్కన మొన్నటితో అరవై.”

“దీని మీద ముద్రేదీ?”

“కొట్టలేదు. ముద్ర లేకపోతే అందనట్టే లెక్క.”

“మర్చిపోయావా?”

“మర్చిపోయినా బాగుండేది. పెద్దాయన ఆఫీసు నుంచి తెచ్చినాయన, జతచేసిన కాగితంలో తప్పుంది, సరైనది రేపు తెస్తాను, అందాకా ముద్ర ఆపండి అన్నాడు. అలా అడగడం మామూలే. మూలన పెన్సిలుతో తేదీ వేసి పక్కన పెడతాం. ఇదిగో, చూడు. ఆయన రేపు ఇంకా రాలేదు.”

“రెండు నెలలు ఎలా ఊరుకున్నావు?”

“వెళ్తూ వెళ్తూ, మీవాళ్ళెవరైనా అక్కడున్నారా అనడిగాడు. మేనల్లుడున్నాడన్నాను. వారం తిరక్కుండా, చిన్నోణ్ణి వెనకెక్కడో స్టోరుకి మార్చారని ఫోనొచ్చింది. నేను అడగలేదక్కా. అడగలేదు. కానీ వద్దనలేదు.”

“నా కోసమా?”

“బావ పోయాక నీకు వాడొక్కడే. బూట్లు, దుప్పట్లు పంచుకుంటూ క్షేమంగా ఉంటాడు కదా అనుకున్నాను. మిగతావాళ్ళ పిల్లలు గుర్తొస్తే అన్నం దిగట్లేదు. అయినా ఈ సొరుగు తెరవలేదు. సిగ్గుగా ఉంది.”

“ఒరేయ్.”

“తిట్టు.”

“తిట్టడానికి నాకు నోరేదిరా? నేనూ నీ దగ్గరొకటి దాచాను. మామయ్యకి చెప్పొద్దని వాడే రాశాడు.”

“ఏం రాశాడు?”

“నా నోట్లో నువ్వుగింజ నానదంటావు కదా. ఇది నెలన్నర నుంచి నానుతోంది. ఆ స్టోరు పని వాడు ఉంచుకోలేదు. పక్క మంచం కుర్రాడి పెళ్ళానికి నెలలు నిండాయట, వాడికిప్పించేశాడు.”

“మరి చిన్నోడు?”

“ముందు వరసలోనే ఉన్నాడు.”

“నెలన్నర నుంచా?”

“నెలన్నర నుంచి. కొట్టు, ఆ ముద్ర ఇప్పుడే కొట్టు.”

“ఇవాళ్టి తేదీతో కొడితే ఇవాళ్టి నుంచి ఇంకో అరవై రోజులు.”

“తేదీ వెనక్కి తిప్పు.”

“తిప్పినా ఆ రోజు నంబర్లన్నీ రిజిస్టరులో నిండిపోయాయి. దొంగ ముద్ర అని కొట్టిపారేస్తారు. ఒక్కటే దారి. ఫలానా రోజు అందింది, నేనే దాచానని రాసి సంతకం పెట్టాలి.”

“పెడితే?”

“ఉద్యోగం పోతుంది. జైలు కూడా.”

“ఇంకెన్నాళ్ళుంది నీ సర్వీసు?”

“ఏడు నెలలు.”

“పెట్టమని ఎలా అడగనురా? వద్దని మాత్రం ఎలా చెప్పను?”

“నువ్వేం చెప్పకు. ఇంటికెళ్ళు.”

“వెళ్ళను.”

“అయితే ఆ కుర్చీలో కూర్చో.”

“నువ్వో?”

“సూపరింటెండెంటు గారూ, ఒకసారి ఇలా వస్తారా? పెద్దాయన ఉత్తరం రాలేదని సభకి రాసిచ్చాం కదండీ. వచ్చింది. నేనే దాచాను.”