నాలుగొందల కొలతలు

కుట్టుమిషన్ పక్కనున్న లాప్‌టాప్ ముందు కూర్చున్న అక్క, మెడలో టేపు తీయకుండానే తమ్ముణ్ణి పిలిచింది.

“ఒరేయ్, నా కొలతల ఫైలు తెరుచుకోవట్లేదేంట్రా?”

“మెమరీ వేశాక కూడా నత్తనడకేనక్కా. అందుకే విండోస్ కొత్తగా ఎక్కించా.”

“నిన్నెవరు ఎక్కించమన్నారు? మెమరీ ఒక్కటే వెయ్యమన్నా.”

“ముందే అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాలే. స్క్రీన్ మీది బొమ్మలన్నీ ఇదిగో, ఇందులో ఉన్నాయి.”

“అవి దారి చూపించే బొమ్మలేరా. అసలు ఫైళ్లు డి డ్రైవ్‌లో ఉండేవి.”

తమ్ముడు కాసేపు దారం రీళ్లు సర్దాడు.

“డి ఇప్పుడు లేదక్కా. చోటు కలిసొస్తుందని మొత్తం చెరిపేసి ఒకటే చేశా.”

“నాలుగొందల మంది కొలతలురా. తొమ్మిదేళ్లుగా కూర్చుని ఎక్కించా.”

“ఇంకో కాపీ ఎక్కడా పెట్టుకోలేదా?”

“పెట్టుకున్నా. డి డ్రైవ్‌లోనే, ఇంకో ఫోల్డర్‌లో.”

తమ్ముడు వంగి లాప్‌టాప్‌లో ఒకట్రెండు ఫోల్డర్లు తెరిచి మూశాడు.

“అయినా వేగం వచ్చింది కదక్కా.”

“రాదూ మరి. మోయడానికి దాని నెత్తిన ఇంకేం మిగిలిందని.”

అక్క లాప్‌టాప్ మూసి, మెడలోని టేపు తీసింది.

“రా, నిటారుగా నించో. నీతోనే మొదలుపెడతా.”