ఆదివారం అపాయింట్‌మెంట్

(వంటింటి బల్ల మీద వీసా కాగితాలు. ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో ఫోర్‌మన్. ఆవిడ జబ్బు పడేదాకా అదే ప్రెస్సులో ప్రూఫులు దిద్దింది.)

“...అలా కాదండీ. పాస్‌పోర్టులో మీ ఇంటిపేరు ఎలా ఉందో ఫారంలోనూ అలాగే ఉండాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా వెనక్కి కొడతారట.”

“నిన్ను ప్రూఫమ్మ అని ప్రెస్సులో ఊరికే అనలేదు. ముందు ఆ పాలు తాగు.”

“తాగుతాను. ఫొటోలేవీ?”

“ఇవిగో. తెల్ల గోడ, చెవులు కనపడాలి, నవ్వకూడదు. అన్నీ రూలు ప్రకారమే తీశాడు.”

“మీకు నవ్వకుండా ఉండడం కష్టమేం కాదులెండి. సెలవు ఉత్తరం?”

“ఓనరుగారు సంతకం పెట్టిచ్చారు. పది రోజులు సెలవు, పదకొండో రోజు మళ్లీ పనిలో చేరతారు అని. బ్యాంకు కాగితాలున్నాయి, హోటల్ కాగితం ఉంది. టికెట్లు మాత్రం వీసా వచ్చాకే కొనమన్నాడు ఏజెంటు.”

“ఏమేం చూస్తారు అన్నచోట ఏం రాశారిది? సరస్సు, చెక్క వంతెన, మంచుకొండ. కొండకి పేరుండదా?”

“మన ప్రెస్సులో ఆ క్యాలెండర్ వేసినప్పుడు బొమ్మ కింద పేరు వెయ్యలేదుగా. ఇరవై రెండేళ్ల నాటి బొమ్మ. నెలల కాగితాలన్నీ పోయినా ఆ బొమ్మని గోడ మీంచి తియ్యనివ్వలేదు నువ్వు. అది ఏ దేశంలో ఉందో కనుక్కునేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.”

“సరే, పేరు నేను రాస్తాను. మీరు తిరిగొస్తారంటే వాళ్లు నమ్ముతారు, ఉద్యోగం ఉంది. నేను తిరిగొస్తానని ఏమిటి ఆధారం?”

“దానికీ ఉంది. ఆస్పత్రి ఉత్తరం. ఊళ్లు చూసి వచ్చాక ఫలానా తారీఖున వైద్యానికి రావాలని. అదొక్కటి చాలన్నాడు.”

“ఏదీ, ఇవ్వండి.”

“అందులో చూడ్డానికేముంది? కవర్లో పెట్టేశాను.”

“కవరు నా చేతికిందే ఉంది.”

“కళ్లజోడు లేకుండా చదవకు, తలనొప్పి వస్తుంది.”

“పెట్టుకునే ఉన్నాను. ఏవండీ, ఈ ఇరవయ్యో తారీఖు ఏ వారం?”

“ఏదో వారం.”

“ఆదివారం. మన డాక్టరమ్మ ఆదివారం పేషంట్లని చూడదు. ఏడాదిన్నర తిరిగాం. ఒక్క ఆదివారమైనా వెళ్లామా?”

“గుమాస్తా పొరపాటు పడి ఉంటాడు.”

“ఆస్పత్రి లెటర్‌హెడ్లు ఎవరు వేస్తారు?”

“పాలు చల్లారిపోతున్నాయి.”

“ఎవరు వేస్తారు?”

“మన ప్రెస్సే.”

“కొత్తవి ఎప్పుడు వేశారు?”

“పోయిన వారం.”

“ఒకటి మిగిలిందా?”

“...మిగిలింది.”

“ముప్పై ఏళ్లలో ప్రెస్సునుంచి ఒక్క తెల్లకాగితం ఇంటికి తేలేదు మీరు.”

“వీసావాళ్లకి కాగితం కావాలి. నన్నేం చెయ్యమంటావు?”

“డాక్టరమ్మనే అడగాల్సింది. తారీఖు వేసి ఇచ్చేది కదా.”

“అడిగాను.”

“ఏమంది?”

“తీరిక లేదంది.”

“ఏమందండీ?”

“...ఇక తారీఖు అక్కర్లేదంది. తీసుకురానక్కర్లేదంది. ఇంట్లోనే ఉంచుకుని, నువ్వేది అడిగితే అది పెట్టమంది. నీకు చెబుదామని రోజూ కూర్చుంటాను. పాలు చేతికిచ్చి లేచిపోతాను. పోనీ ఆ కొండ ఒక్కటీ చూపించేస్తే... ఆ తర్వాత చెప్పచ్చులే అనుకున్నాను.”

“ఊరుకోండి. కాగితాలు తడిసిపోతాయి.”

“నీకు కోపం రాలేదా?”

“డాక్టరమ్మ నాకు ముందే చెప్పింది. నా నోటితో నేనే అడిగాను. మీకు ఒక్కసారిగా చెప్పొద్దని కూడా బతిమాలుకున్నాను. మీరు నా దగ్గర దాచారు, నేను మీ దగ్గర దాచాను. చెల్లుకు చెల్లు.”

“ఎన్నాళ్లంది నీతో?”

“మీతో ఎంతంది?”

“నెల.”

“నాతో నెలా పది రోజులంది. చూశారా, పది రోజులు ఎక్కువిచ్చింది నాకు.”

“జోకులెయ్యకు. నా వల్ల కాదు. రేపే వీసా ఆఫీసుకి వెళ్దాం. అర్జెంటని రాద్దాం. కాళ్లు పట్టుకుంటాను, మనిషన్నవాడు ఎవడో ఒకడు ఉండడా అక్కడ?”

“ముందు ఈ ఉత్తరం చింపండి. దొంగ కాగితం పెట్టామని తెలిస్తే మళ్లీ జన్మలో రానివ్వరు.”

“ఎలాగూ మళ్లీ ఇద్దరం కలిసి వెళ్లేది...”

“చింపండి.”

“...చింపాను.”

“ఇప్పుడు చెప్తాను వినండి. వీసా ఆఫీసులో వేలిముద్రలకి తేదీ నిన్ననే ఆన్‌లైన్‌లో తీసుకున్నాను. ఎంత వెతికినా తొమ్మిది వారాల తర్వాతగానీ ఖాళీ లేదు.”

“తొమ్మిది వారాలా? అప్పటికి నువ్వు...”

“అందుకే ఒక్కరికే తీసుకున్నాను. మీకు.”

“నాకొద్దు. నేనొక్కణ్ణీ వెళ్లి ఏం చూడను అక్కడ?”

“ఆ వంతెన అవతల ఏముందో బొమ్మలో పడలేదు. ఇరవై రెండేళ్లు చూశాను, తెలియలేదు. మీరు వంతెన దాటి చూడండి.”

“చూసి ఎవరికి చెప్పను?”

“ఆ కాగితాలు ఇలా జరపండి.”

“ఎవరికి చెప్పనే?”

“ఇదిగో మీ ఫారం. వేలిముద్రల రోజు వాళ్ల చేతికివ్వాలి. మొత్తం రెండుసార్లు దిద్దాను, ఒక్క తప్పు లేదు. పెళ్లయిందా, భార్య ఉందా అన్న గడి మాత్రం ఖాళీగా వదిలేశాను. ఆ రోజు పొద్దున్న బయల్దేరేముందు మీరే నింపండి. అబద్ధం మాత్రం రాయకండి.”